పాలపళ్ళు రాలాక పడ్డ నీడ

సౌదీలో అల్ ఖర్జ్ దాటి గంటసేపు పోతే వచ్చే ఆ మజ్రాలో పొద్దు ఎప్పుడూ ఒకే తీరుగా మొదలయ్యేది. ఖర్జూరపు చెట్లు, గడ్డి చేలు, గొర్రెల దొడ్లు అన్నీ ఒకే కంచెలో ఉన్న పెద్ద తోట అది. సదానందం లేవగానే పంపు వేసేవాడు. పంపు నాలుగుసార్లు దగ్గి నీళ్ళు కక్కేది. తొట్లు నిండేలోపు గడ్డి మోపులు విప్పి మూడు వందల గొర్రెల ముందు పరిచేవాడు. కుంటేవాటిని, ముక్కు కారేవాటిని పక్కకు తీసేవాడు. ఆ తర్వాతే చాయ్. చాయ్ నబీ రసూల్ పెట్టేవాడు. ఆయనది కడప దగ్గర పల్లె, పని ట్రాక్టరు తోలడం. వంట కూడా ఆయన మీదే పడింది. తక్కినవాళ్ళు వండింది గొర్రెలు కూడా ముట్టవని ఆయనే అనేవాడు.

ఒకనాడు పొద్దున్నే దొడ్డి మూలన రెండు గొర్రెపిల్లలు చచ్చి పడున్నాయి. మెడల దగ్గర కొరికిన గాట్లు. నక్కో, ఊరకుక్కలో. ఆ నెలలో అది మూడోసారి.

కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, అబూ సాలెం పెద్దవయసు మనిషి. బండి దిగి, గొంతుక్కూర్చుని, చచ్చిన పిల్లల్ని వేలితో కదిపి చూసి, "కుక్క కావాలి" అన్నాడు.

"పెద్ద కుక్కనే కొందాం" అన్నాడు రాజేశం. ఆయన మజ్రాకు ముదీర్, అంటే పెత్తనం చూసేవాడు. ఆఫీసు గది తాళం, ఫోను, హాజరు పుస్తకం ఆయన చేతిలోనే ఉండేవి. "ఇయ్యాల తెస్తే రేపటి సంది కావలి కాస్తది. పిల్లను తెస్తే ఏడాదిదాక మనమే దానికి కావలి కాయాలె. చెప్పులు కొరుకుతది, గొర్రెలను ఉరికిస్తది."

అబూ సాలెం గడ్డం నిమురుకున్నాడు. "పెద్ద కుక్క ఎవరి నీడతో వస్తుందో ఏం తెలుసు? పోయినేడు మా తమ్ముడు బురైదా సంతలో కొన్నాడు. ఎవడో పొడుగాటి మగవాడి నీడ. ఆ కుక్క వాకిట్లో తిరుగుతోందని మా మరదలు నెల రోజులు బట్టలు ఆరేయడానికి బయటికి రాలేదు."

ఆ మాటా నిజమే. కుక్కను ఎవరు పెంచితే దానికి వాళ్ళ నీడే పడుతుంది. జగిత్యాల ఎండలోనైనా అంతే, అల్ ఖర్జ్ ఎండలోనైనా అంతే. పాలపళ్ళు రాలేదాకా పిల్లకు అసలు నీడే ఉండదు. రాలాక పడ్డ నీడ మళ్ళీ మారదు, ఎన్ని చేతులు మారినా సరే. అందుకే అమ్మేవాడు కుక్కను ఎండలో నిలబెట్టి చూపించాలి, కొనేవాడు నేల వైపు చూసి బేరం ఆడాలి.

"పిల్లను తెప్పించుండ్రి" అన్నాడు సదానందం. "నేను పెంచుత."

అబూ సాలెం తలూపాడు. సదానందం నీడ ఆయనకు పదేళ్ళుగా తెలుసు. ఎవరి వాకిలి వైపూ తలెత్తని నీడ.

ఆ మాట అన్నప్పుడు సదానందం చూపు కఫీల్ మీద లేదు. రాజేశం పిక్కల మీద ఉంది. కుక్క పన్ను ఎక్కడ దిగితే మనిషి మళ్ళీ సరిగా నడవలేడో చూస్తున్నాడు.

ఆ ఇద్దరివీ జగిత్యాల దగ్గర పక్కపక్క ఊళ్ళు. ఒకే విమానంలో వచ్చారు. ఒకప్పుడు బావా అంటే బావా అనుకుని ఒకే కంచంలో తిన్నారు. రెండేళ్ళుగా మాత్రం సదానందం ఆయన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. పని పడితే గాలికి చెప్పినట్టు చెప్పి పోయేవాడు.

అక్కడ పని చేసేవాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. ఇంటినుంచి చావు కబురు వస్తే, ఫోను ఎత్తినవాడు దాన్ని కడుపులో దాచుకుంటాడు. పని ఒత్తిడి తగ్గాక, మనిషి నాలుగు ముద్దలు తిన్నాక మెల్లగా చెప్తాడు. దాన్ని దయ అనే అనుకునేవాళ్ళు. రెండేళ్ళ కింద, బక్రీదు ముందర, గొర్రెలన్నీ అమ్ముడుపోయే రోజుల్లో, సదానందం తల్లి పోయిందని ఫోను వచ్చింది. ఎత్తింది రాజేశం. బక్రీదు అయిపోయింది, ఆ తర్వాతి వారం అయిపోయింది, చెప్పలేదు. నలభై ఒకటో నాడు కూతురు కావ్య రాసిన ఉత్తరం చేరింది. తొమ్మిదేళ్ళ పిల్ల, వంకర అక్షరాలు. "బాపూ, నువ్వు రాలేదని బాపమ్మ ముందర అగ్గికుండ నేనే పట్టిన. ఉట్టి జారి వేళ్ళు కాలినయ్. ఇప్పుడు తగ్గినయ్."

ఉత్తరం పట్టుకుని ఆఫీసు గదికి పోతే రాజేశం నెమ్మదిగానే మాట్లాడాడు. "చెప్తే ఏం జేస్తువు బావా? పాస్‌పోర్టు చేతికొచ్చేటాల్లకే అయిదు దినాలు. అవ్వను అన్ని దినాలు పెడ్తరా? ఏడ్సుడు తప్ప ఏమున్నది చెప్పు?"

సదానందం ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సెలవు అడగలేదు. ఆ ఏడూ అడగలేదు, తర్వాతి ఏడూ అడగలేదు. ఈ మనిషి సంగతి తేలేదాకా ఊరి మొహం చూడనని మనసులో అనుకున్నాడు.

పక్క మజ్రాలో సూడాన్ కాపరి దగ్గర కుక్క ఈనితే నబీ రసూల్ ఒక పిల్లను అట్టపెట్టెలో తెచ్చాడు. ఇసుక రంగు, ఒక చెవి నలుపు. సదానందం దానికి కాటు అని పేరు పెట్టాడు.

"అదేం పేరప్పా?" అన్నాడు నబీ రసూల్. "ఏ రాజానో మోతీనో అనక."

"అది జెయ్యవలసిన పనే దాని పేరు" అన్నాడు సదానందం.

మేకపాలు సీసాలో పోసి పట్టేవాడు. కాటు ఆయన రెండు జతల చెప్పులు నమిలింది, దుప్పటి తడిపింది, ఒక పగలంతా గొర్రెలను ఉరికించి పది మందితో తిట్టించింది. రాజేశం దూరంనుంచి చూసి, "నేను చెప్పలేదా, పెద్దది కొంటే ఈ పీడ ఉండకపోవు" అని నవ్వేవాడు. సదానందం మాత్రం రాజేశం పారేసిన చిరుగుల చొక్కా ఒకటి తెచ్చి, దానిలో మాంసం ముక్కలు చుట్టి ముందు వేసేవాడు. చొక్కా చీలిస్తేనే ముక్క దొరుకుతుంది.

"వాసన పట్టు బిడ్డా. వీడే. ఇడువకు."

కాటు చొక్కాను ఓపిగ్గా విప్పేది. ముక్క తినేది. చొక్కాను అలాగే వదిలేసి వచ్చి ఆయన ఒళ్ళో పడుకునేది. అప్పుడు ఆయన దాని నల్లచెవి దగ్గర రోజూ ఒకటే కథ చెప్పేవాడు. ఫోను ఎట్ల వచ్చింది, వాడు ఎట్ల మింగిండు, మా అవ్వను ఏ దారిన తీస్కపోయిండ్రు, చిన్నపిల్ల ఉట్టిలో అగ్గికుండ పట్టుకొని వెనక్కి చూడకుండ ఎట్ల నడిచింది. పగ నేర్పుతున్నాననే అనుకున్నాడు. పిల్ల మాత్రం కథ వింటోంది.

ఎండాకాలం పోతూ పోతూ ఉండగా పాలపళ్ళు రాలాయి. ఒకనాడు పదిగంటల ఎండలో కాటు దొడ్డి గేటు దాటుతుంటే ఇసుక మీద మనిషి నీడ పడింది. మెడ కొంచెం ముందుకు వంగి, ఎడమ భుజం కిందికి జారి, ముమ్మూర్తులా సదానందమే. అందరూ వచ్చి చూసి బాగుందన్నారు. అబూ సాలెం కూడా చూసి మెచ్చుకున్నాడు. ఆ రోజునుంచి నక్కలు రాలేదు. వెన్నెల్లో దొడ్డి చుట్టూ మనిషి నీడ తిరుగుతుంటే ఏ నక్క వస్తుంది?

"చేతిలో ఏందప్పా అది?" అన్నాడు నబీ రసూల్ వంగి చూస్తూ. "బకెట్టు మాదిరి వేలాడతాంది."

నీడ కుడిచేతికి ఒక ఉట్టి వేలాడుతోంది. ఉట్టిలో కుండ. కుండ మూతినుంచి పొగ నీడ కూడా సన్నగా ఇసుక మీద పారుతోంది.

సదానందం చూశాడు. "బకెట్టే" అన్నాడు.

కాటు ఎవరినీ కరవలేదు. ఆఖరికి పిల్లిని కూడా కరవలేదు. పొద్దంతా గొర్రెల వెంట ఉండేది. కాని రాజేశం గది తలుపు చప్పుడైతే చాలు, ఎక్కడున్నా లేచి వచ్చి ఆయన ముందు నిలబడేది. ఆయన ఆఫీసుకు నడిస్తే ఆరడుగుల ముందు నడిచేది. మెస్సుకు పోతే మెస్సు వాకిలిదాకా, గొర్రెల వైపు పోతే అక్కడిదాకా. వెనక్కి మాత్రం చూసేది కాదు. ఆయన మలుపు తిరిగితే చూడకుండానే తనూ తిరిగేది. నేల మీద సదానందం నీడ కుండ పట్టుకుని ముందు, రాజేశం వెనక.

మొదటి నాలుగు రోజులు రాజేశం నవ్వుకున్నాడు. "గీ కుక్క నాకు సలాం కొడుతున్నది చూడుండ్రి" అన్నాడు. అయిదో నాడు నీడను తేరిపార చూశాడు. ఉట్టి, కుండ, పొగ. అగ్గికుండ పట్టినవాడు ముందు నడుస్తుంటే వాడి వెనక వచ్చేది ఏమిటో జగిత్యాల మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన కాళ్ళు అక్కడే ఆగాయి. కుక్కా ఆగింది.

గదినుంచి ఆఫీసుకు సగం దారిలో నీళ్ళ ట్యాంకు ఉండేది. ఒక మిట్టమధ్యాహ్నం కాటు సరిగ్గా అక్కడ ఆగి కూచుంది. నీడ కూడా వంగి కుండ నేల మీద దించింది. దింపుడు కల్లం దగ్గర చేసినట్టే. అక్కడ పాడెను దించి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు కదా, ప్రాణం ఏమైనా మిగిలుందేమోనని.

సదానందం అప్పుడే ట్యాంకు వెనక గొట్టం బిగిస్తున్నాడు. చెయ్యి తుడుచుకుని వచ్చాడు. రాజేశం చెవి దగ్గర నోరు పెట్టి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి పేరుతో పిలిచాడు.

"రాజేశం!"

మెస్సు దగ్గర ప్లేట్లు కడుగుతున్నవాళ్ళు చేతులు ఆపి చూశారు.

"రాజేశం!"

"ఏందిరా, ఏం జేస్తున్నవ్?"

"రాజేశం!"

"ఆఁ! ఉన్ననురా! బతికే ఉన్న, కండ్లు కనబడ్తలేవా!" అని అరిచాడు రాజేశం. అరుస్తుంటే గొంతు పిల్లాడి గొంతులా సన్నబడింది.

సదానందం ఆయన కళ్ళలోకి కాసేపు చూసి, చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నట్టు, "పలుకుడు లేదు" అన్నాడు. కాటు లేచింది. నీడ కుండ ఎత్తుకుంది. సదానందం గొట్టం దగ్గరికి పోయి మిగిలిన మరలు బిగించాడు. ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత ఆయనకు అన్నం రుచిగా అనిపించింది.

రాజేశం కఫీల్ చుట్టూ తిరిగాడు. ఒక్క కుక్క చాలదన్నాడు, ఈ పిల్ల పిరికిదన్నాడు, గొర్రెల ఈతలు మొదలవుతున్నాయి, పెద్దది ఒకటి ఉండాలన్నాడు. అబూ సాలెం చివరికి హాయిల్ వైపునుంచి పెద్ద కుక్కను కొనుక్కొచ్చాడు. తెల్లటిది, దూడంత ఉంది. దాని నీడ కర్ర పట్టుకున్న ఒక ముసలి కాపరిది. నిమ్మళమైన నీడ. ఆడవాళ్ళ వాకిలి కనబడితే తనంతట తనే మొహం తిప్పుకునేది.

"ఇగ చూడు" అన్నాడు రాజేశం. తెల్లకుక్కను గొలుసు విప్పి తన పక్కన నిలబెట్టుకుని, గుమ్మం దిగాడు. కాటు ఎప్పటిలాగే వచ్చి ముందు నడిచింది. రాజేశం తెల్లకుక్క వీపు మీద చరిచి ఉసిగొలిపాడు.

తెల్లకుక్క రెండడుగులు ముందుకు వేసి ఆగింది. దారి వదిలి పక్కకు జరిగింది. దాని కింద ఆ ముసలి కాపరి నీడ కర్రను ఇసుకలో గుచ్చి, వంగిన నడుము నిటారు చేసి, చేతులు కట్టుకుని నిలబడింది. రాజేశం దాటిపోయేదాకా కదల్లేదు.

"దాన్నేం అనగాకండప్పా" అన్నాడు నబీ రసూల్ మెల్లగా. "జనాజా, అదే శవయాత్ర, పోతాంటే ఎవురైనా లేసి నిలబడాల్సిందే. ముసలాయన మంచోడు, మర్యాద తెలిసినోడు."

తను పెంచని కుక్క తన పగను మోయదు, తన భయాన్ని కూడా మోయదు. ఆ సంగతి రాజేశానికి అప్పుడు తెలిసొచ్చింది. ఆ రోజే వచ్చి సదానందం ముందు నిలబడ్డాడు.

"పిలువు దాన్ని. నీ మాట ఇంటది."

"ఇంటది."

"మరి పిలువు బావా. నీ కాళ్ళు పట్టుకుంట."

"నలబై దినాలు పిలువ" అన్నాడు సదానందం. "ఒకటో దినం ఇయ్యాల్నే అనుకో."

రాజేశం గదిలో పడ్డాడు. బయటికి వస్తే కుక్క, అందుకని రావడం మానేశాడు. అన్నం తలుపు దగ్గర పెడితే సగం తినేవాడు. జ్వరమేమీ లేదు, మనిషి మాత్రం కరిగిపోతున్నాడు. కాటు గడప బయట పడుకుని ఉండేది. నీడ కుండ పక్కన పెట్టుకుని కూచునేది, పాడె కట్టడం అవ్వాలని చూసే మనిషిలా. అబూ సాలెం ఆఫీసు తాళం రాజేశం దగ్గర్నుంచి తీసుకుని సదానందానికి ఇచ్చాడు.

పన్నెండో నాడు ఫోను మోగింది.

"హలో, రాజేశం అన్న ఉన్నడా? నేను తమ్ముణ్ణి మాట్లాడుతున్న. అవ్వ పడ్డది. కరీంనగర్ల దావఖాన్ల ఏసినం. డాక్టర్లు వారం కూడ కష్టమంటున్నరు. అన్న పేరే తీస్తున్నది. జెర చెప్పుర్రి అన్నా, పుణ్యముంటది."

"చెప్త" అన్నాడు సదానందం. ఫోను పెట్టేశాడు.

గదిలో ఎవరూ లేరు. బల్ల మీద హాజరు పుస్తకం, దాని మీద ఈగ. ఈ రోజు కోసమే రెండేళ్ళు ఎదురు చూసినట్టు ఆయనకు తోచింది. తను ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. ఈతల కాలం, రోజుకు పది గొర్రెలు ఈనుతున్నాయి, ఎవడు పోతాడు? చెప్తే ఏం జేస్తడు, ఏడ్సుడు తప్ప. ఆ మాట లోపలినుంచి ఎంత సులువుగా వచ్చిందో! రాజేశం గొంతుతోనే వచ్చింది.

తాళం వేసి బయటికి వచ్చాడు. అల్లంత దూరాన రాజేశం గడప దగ్గర కాటు లేచింది. ఒళ్ళు దులుపుకుంది. నడుచుకుంటూ వచ్చి సదానందం ముందు, ఆరడుగుల దూరంలో, ఆయనకు వీపు పెట్టి నిలబడింది.

"పో. ఆడికి పో. వానికాడికి."

కాటు వెనక్కి చూడలేదు. ఆయన దొడ్డి వైపు నడిచాడు, అది ముందు నడిచింది. పంపు వైపు తిరిగాడు, తిరిగింది. నేల మీద తన నీడే, తన వంగిన మెడే, కుండ పట్టుకుని తనకు ముందు పోతోంది. గడ్డి మోపుల దగ్గర పడుకున్న తెల్లకుక్క లేచి నిలబడింది. ముసలి కాపరి నీడ నడుము నిటారు చేసుకుని చేతులు కట్టుకుంది.

నీళ్ళ ట్యాంకు దగ్గర కాటు కూచుంది. నీడ కుండ దించింది.

సదానందం నిలబడ్డాడు. మెడ మీద ఎండ కాలుస్తోంది. ఎవరైనా వచ్చి పేరు పెట్టి పిలుస్తారేమోనని చెవులు రిక్కించాడు. నబీ రసూల్ ట్రాక్టరు దూరంగా చేలో అటు తిరిగి పోతోంది. పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఉన్న ఒక్క బావను తనే గదిలో పెట్టి చంపుతున్నాడు. పెదవులు కదిపి తన పేరు తనే అనుకోబోయాడు. 

ఒక్కసారి వెనక్కి తిరిగి పరుగెత్తాడు. రాజేశం తలుపును కాలితో తన్నాడు.

"మీ అవ్వ పడ్డది. కరీంనగర్ దావఖాన్ల ఉన్నది. వారం కూడ కష్టమట. నీ పేరే తీస్తున్నదట. మీ తమ్ముడు ఫోన్ జేసిండు, ఇప్పుడే, చాయ్ తాగినంత సేపు కాలే."

రాజేశం మంచం మీద లేచి కూచున్నాడు. గడ్డం పెరిగిన ఆ మొహంలో ముందు భయం కనబడింది, తర్వాత ఏదీ కనబడలేదు.

"నువ్వు... చెప్పవడ్తివా?"

"చెప్పవడ్తి. చూసినవా, చెప్పుడంటే గింతే. నోరు తెరిచి గింత మాట అనుడే. గింత పనే ఉండె నీకు ఆనాడు."

రాజేశం ఏడ్చాడు. తల్లి కోసం ఏడ్చాడో, ఆ మాట కోసం ఏడ్చాడో చెప్పడం కష్టం. సదానందం ఓదార్చలేదు. మంచం కింద ఉన్న సూట్‌కేసు లాగి, దుమ్ము దులపకుండానే మంచం మీద పడేసి, అబూ సాలెంకు ఫోను చేయడానికి పోయాడు. ముసలాయన చేతిలో పని వదిలేసి పాస్‌పోర్టు పట్టుకుని కాగితాల ఆఫీసుకు తనే పోయాడు. పోయి రావడానికి ఆరు నెలల గడువుతో ముద్ర వేయించి, ఆ మర్నాడు పగటి విమానానికే రియాద్‌లో దింపి వచ్చాడు.

ఆరో నాడు ఫోను వచ్చింది.

"బావా, అందిన" అన్నాడు రాజేశం అటునుంచి. "నాలుగు దినాలు ఉన్నది నాతోని. చెయ్యి ఇడువలే. నిన్ననే అయిపోయింది. కుండ నేనే పట్టిన." లైనులో గరగరమని చప్పుడు. "రేపు మీ ఇంటికి పోయి వస్త బావా. కావ్యను చూసి..."

"మా ఇంటికి పోకు. మా ఆకిట్ల నీ కాలు పెట్టకు. నేనే వస్తున్న."

అనేశాక గాని తను ఏమన్నాడో సదానందానికి తెలియలేదు. ఫోను పెట్టి, అబూ సాలెం దగ్గరికి పోయి, రెండు చేతులూ కట్టుకుని సెలవు అడిగాడు.

"ఈతల కాలంలోనా? దొడ్డి ఎవరు చూస్తారు?"

"కాటు ఉన్నది. నేను పోయినా నా నీడ ఈడనే ఉంటది గద."

అబూ సాలెం కిటికీలోంచి దొడ్డి వైపు చూశాడు. అక్కడ ఆ నీడ గొర్రెల మధ్య తిరుగుతోంది, ఈనబోయేదాని దగ్గర ఆగుతోంది. పిల్లను తెచ్చి పెంచితే వచ్చే లాభం అదొకటి. ఆయన తల ఊపాడు.

సదానందం ఊరికి పోయాడు. కావ్య ఇప్పుడు పన్నెండేళ్ళ పిల్ల. తండ్రిని చూసి ముందు తలుపు వెనక్కి పోయింది. తర్వాత వచ్చి, అడక్కుండానే కుడిచేతి వేళ్ళు చాపి చూపించింది. రెండు వేళ్ళ మీద చర్మం నున్నగా మెరుస్తోంది. ఆయన ఆ వేళ్ళను కళ్ళకు అద్దుకుని ఎంతసేపు ఉన్నాడో ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు.

మజ్రాలో సదానందం పోతూ ఇచ్చిన ఆఫీసు తాళం ఇప్పుడు నబీ రసూల్ దగ్గరే ఉంది. ఎవరింటినుంచి ఏ కబురు వచ్చినా, చేతిలో గరిటె ఉంటే గరిటెతోనే పరుగెత్తి పోయి చెప్పేస్తాడు. రాజేశం గడువు ఇంకా పది రోజులు ఉందనగా ఒక పగలు ఫోను మోగింది.

"నబీ భాయ్, నేను, రాజేశంను. టికెట్ తీసుకుందామని..."

"తీసుకోప్పా. గది అట్లనే ఉంది."

"కుక్క ఉన్నదా?"

"యాడికి పోతాదప్పా? ఉండాది."

"దాని నీడ?"

"పెంచినోడి నీడ యాడికి పోతాది? ఉండాది."

"చేతుల... చేతుల ఏమన్నా ఉన్నదా? జెర చూసి చెప్పు."

నబీ రసూల్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కిటికీ దగ్గరికి జరిగాడు. బయట ఎండ గట్టిగా కాస్తోంది. కాటు రాజేశం గది గడప ముందు తలుపుకు వీపు పెట్టి కూచుని ఉంది. నబీ రసూల్ అబద్ధం చెప్పే మనిషి కాదు.

"ఉండాదప్పా" అన్నాడు. "ఇంకా పొగ వస్తానే ఉంది."

అవతల ఫోను మెల్లగా పెట్టేసిన చప్పుడైంది. పది రోజులూ గడిచిపోయాయి. రాజేశం రాలేదు.